కొండ మీద మిగిలిన ఎడమ చెవి

2006 జూన్, రెండో మంగళవారం, 05:40. కొండ మీద నన్ను హెలికాప్టర్‌లోంచి తాడుతో దింపారు. కింద అడవి మండుతోంది. వీపున నలభై కిలోల రేడియో సామాను. బూట్లు రాయికి తగలకముందే యాంటెన్నా ఎక్కడ నిలబెట్టాలో చూసుకున్నాను. తర్వాత నాలుగు రోజులు ఆ కొండను ఒంటిచేత్తో కాపాడాను. అందుకు మూల్యంగా నా ఎడమ చెవిని అక్కడే వదిలి వచ్చాను.

ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మా తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఎనిమిదేళ్ళుగా నేను చెబుతున్నది ఇదే. పిల్లలు చుట్టూ చేరి, "అంకుల్, బాంబ్ పేలిందా?" అంటారు. "అది చెప్పకూడదు నాన్నా, ఆర్మీ సీక్రెట్," అంటాను. ఇప్పుడేమో మా తెలుగువాళ్ళే దాన్ని రాసిమ్మన్నారు. కాగితం మీద బడాయి ఎక్కువసేపు నిలవదు. అందుకని మెల్లగా దిగుతాను, ఆ తాడే పట్టుకుని.

ముందు నా ఉద్యోగం. వారమంతా నేను చిప్పులు చేసే ఫ్యాక్టరీలో టెక్నీషియన్ని. నెలకో శని, ఆదివారాలు మాత్రం సైనికుణ్ణి. ఇక్కడ రాష్ట్రానికో గార్డు దళం ఉంటుంది. వరదలొచ్చినా అడవులంటుకున్నా పిలుపొస్తుంది. ఫ్యాక్టరీలో కోటు విప్పి, యూనిఫాం తొడుక్కుని వెళ్ళాలి. నేను సిగ్నల్స్ సార్జెంట్‌ని. అప్పటికి యాభై అయిదేళ్ళు. దళంలో నాకన్నా పెద్దవాడు జనరేటరొక్కటే.

కొండకి అటువైపు మంటలార్పే జట్లున్నాయి. ఇటువైపు బేస్ క్యాంపుంది. ఒకరి రేడియో ఇంకొకరికి అందదు. మధ్యలో ఎత్తు మీద మేముండి, అటు మాట ఇటు, ఇటు మాట అటు దాటించాలి. మాట ఆగితే మంట ఎటు తిరిగిందో కింద జట్లకి తెలియదు. ఆ పని నాది.

దళంలో నన్ను 'చెవి' అని పిలిచేవారు. బటన్ నొక్కగానే వచ్చే టక్కుమనే చప్పుడూ, మాట మొదలెట్టకముందు పీల్చే ఊపిరీ విని, పిలిచేదెవరో చెప్పేసేవాణ్ణి. ఇది బడాయి కాదు. సరే, పదిలో ఆరుసార్లు. మిగతా నాలుగుసార్లు డ్యూటీ చార్టు చూసి చెప్పేవాణ్ణి.

కొండ మీద మేం ముగ్గురం. నేను. మెడిక్, అంటే వైద్యం చూసే సైనికురాలు. మామూలు రోజుల్లో గుర్రాల డాక్టరు దగ్గర అసిస్టెంటు. మూడోవాడు డ్రైవర్, నలభై దాటినవాడు, ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. కొండ మీద నీళ్ళ ట్యాంకుంది. మంటల జట్లు వంతులవారీగా వచ్చి నీళ్ళు పట్టుకుని, పుళ్ళకి కట్లు కట్టించుకుని పోతాయి. నీళ్ళు మోసుకొచ్చే ట్రక్కు డ్రైవర్‌ది.

ఆ ట్రక్కులోనే నేనూ వచ్చాను. హెలికాప్టర్ లేదు, తాడూ లేదు. నీళ్ళ పీపాల మధ్య ఇరుక్కుని, గోతుల దారిలో రెండు గంటల పది నిమిషాలు. దిగేటప్పుడు కాలు జారి మోకాలు గీరుకుంది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "గుడ్ మార్నింగ్, సార్జ్. కొండకి దండం పెట్టావా?" అన్నాడు.

బయల్దేరే ముందు వారం రోజులు ఒక స్కూలు జిమ్‌లో పెట్టారు. మడత మంచాలు ఆనుకుని ఆనుకుని ఉన్నాయి. ఒకడికి జలుబు చేస్తే అందరం పంచుకున్నాం. నా ముక్కు కారడం మొదలై అప్పటికి నాలుగో రోజు. పట్టించుకోలేదు. జలుబుకి డ్యూటీ మానేవాడు సైనికుడా?

మంగళవారం గడిచింది. ఎండ నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్. గాలి నైరుతి నుంచి. యాంటెన్నాకి ముప్పై అడుగుల మాస్టు, అంటే స్తంభం, నిలబెట్టి, తాళ్ళు బిగించి, 09:15కి బేస్‌తో మాట కలిపాను. సాయంత్రానికి ఎడమ చెవిలో బరువు. నీళ్ళు పోయినట్టు.

బుధవారం 06:10. లేవబోయాను. కొండ లేచింది.

ఇది పోలిక కాదు. నేలంతా ఎడమవైపుకి గిర్రున తిరిగి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ తిరిగింది. ఆగకుండా. చాప మీద బోర్లా పడి రెండు చేతులతో రాయిని పట్టుకున్నాను. వదిలితే ఆకాశంలోకి జారిపోతాననిపించింది. డోకొచ్చింది. రాత్రి తిన్న ఆవకాయ అన్నం బూటు మీదే పోయింది.

06:30కి బేస్ పిలుపు. అది వినాలి. పాక్కుంటూ వెళ్ళి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. కుడివైపు మాట వస్తోంది. ఎడమవైపు ఏమీ లేదు. హోరు. ఎక్కడో దూరంగా మిక్సీ తిరుగుతున్నట్టు.

సిగ్నల్స్‌వాడు ముందు ఏం చేస్తాడు? సెట్టు పాడైందంటాడు. కేబుల్ మార్చాను. బ్యాటరీ మార్చాను. ప్లగ్గు పిన్నులు రబ్బరుతో రుద్దాను. ఇంకో హెడ్‌సెట్ తీశాను. దాంట్లోనూ ఎడమవైపు మాట లేదు. వాంతి చేసుకుంటూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుంటూ, నలభై నిమిషాలు రిపేరు చేశాను. చివరికి హెడ్‌సెట్ తిరగేసి పెట్టుకున్నాను. ఎడమ గిన్నె కుడి చెవికొచ్చింది. బేస్‌లో ఉన్న మా కెప్టెన్ గొంతు గంటలా వినిపించింది.

సెట్టు బాగానే ఉంది. పాడైంది దాన్ని పెట్టుకున్నవాడు.

ఆ తర్వాత హెడ్‌సెట్‌ని కుడి చెవికే ఆనించి, మెడకి వేసుకున్నాను, ఏదో సౌకర్యం కోసమన్నట్టు.

మెడిక్ వచ్చింది. నాడి చూసింది. "ఎప్పటినుంచి?"

"పొద్దున్నుంచి. కళ్ళు తిరుగుతున్నాయి."

"నీళ్ళు తాగావా?"

"తాగాను."

"ఇంకా తాగు."

ఇక్కడ మన జనానికి ఆర్మీ వైద్యశాస్త్రం చెప్పాలి. తలనొప్పికి నీళ్ళు. కాలు బెణికితే నీళ్ళు. ఇంటి మీద బెంగకి నీళ్ళు. 08:00కి బేస్ నుంచి కెప్టెన్: "చెవి, నీకు బాగోలేదట. నీళ్ళు తాగుతున్నావా? ఓవర్." డ్రైవర్ ట్రక్కు దిగి, "సార్జ్, నీళ్ళు తాగు," అని అరలీటరు చేతిలో పెట్టాడు. ఆ రోజు పదకొండు సీసాలు తాగాను. తొమ్మిది కక్కాను. ఎండదెబ్బ అని రాసుకుని సెలైన్ పెట్టారు. చెవి సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

డ్యూటీ మాత్రం ఆపలేదు. పడుకుని చేశాను. కళ్ళు తెరిస్తే మాస్టు, ట్యాంకు, కొండ అన్నీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతున్నాయి. ఏది నిలువో ఏది అడ్డమో తెలియదు. మా నాన్న తాపీమేస్త్రి. గోడ నిలువు చూడడానికి దారానికి తూకం గుండు వేలాడేసేవాడు. అది గుర్తొచ్చింది. సగం నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాని మాస్టు తాడుకి పారాకార్డుతో, అంటే సన్నని నైలాన్ దారంతో, కట్టించాను. అది వేలాడుతోంది. దారం నిలువు, సీసాలో నీటిగీత అడ్డం. ఒళ్ళు ఏం చెప్పినా నమ్మకూడదు, ఆ గీతని నమ్మాలి. దానివంకే చూస్తూ అటు మాట ఇటు దాటించాను.

12:30. ట్యాంకు పడమటి మూల ఒక్కచోటే సెల్‌ఫోన్ అందుతుంది. డ్రైవర్ రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు. మా ఆవిడకి ఫోన్ చేశాను. కుడి చెవితోనే.

"ఏవండీ, గొంతేంటి అలా ఉంది?"

"కళ్ళు తిరుగుతున్నాయే. వాంతులు."

"పైత్యం చేసింది. ఎండలో కూచుని ఆవకాయ తిన్నారా?"

"కొంచెం."

"మీ కొంచెం నాకు తెలీదూ? సంచి అడుగు అరలో జీలకర్ర పెట్టాను, నమిలి నీళ్ళు తాగండి."

మళ్ళీ నీళ్ళు!

"చెవి కూడా కాస్త మూసుకుపోయినట్టుంది," అన్నాను, తేలిగ్గా.

"ఏ చెవి?"

"ఎడంది. జలుబు కదా."

"చిన్న సీసాలో నువ్వుల నూనె ఉంది చూడండి, వెల్లుల్లి వేసి కాచాను. గోరువెచ్చగా నాలుగు చుక్కలు. మా తాతయ్యకి రెండ్రోజుల్లో తగ్గిపోయింది."

వాళ్ళ తాతయ్య చెవి ఎలా పోయిందో నాకు తెలుసు. అయినా గురువారం 07:00కి నూనె పోసుకున్నాను. నాలుగు చుక్కలు కాదు, సీసాలో సగం. ఎక్కువ పోస్తే త్వరగా తగ్గుతుందని.

డ్రైవర్ దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "సార్జ్, ఎవరో గార్లిక్ బ్రెడ్ చేస్తున్నారా?"

"నా బుర్ర," అన్నాను.

"ఇంకో పది నిమిషాలు ఎండలో ఉంచితే కరకరలాడుతుంది."

గురువారమంతా అంతే. నూట ఏడు డిగ్రీలు. పొగ తూర్పుకి. తల కదిపితే వాంతి. కదపకపోతే హోరు. మెడిక్ రెండో సెలైన్ ఎక్కించింది. బేస్‌కి పంపిస్తానంది. "ఎండదెబ్బే కదా, రేపటికి లేస్తా," అన్నాను. చెవి పోయిందని తెలిస్తే రేడియో మీంచి తీసేస్తారు. తీసేశాక నేనెవణ్ణి? అమెరికా వచ్చిన కొత్తలో నా ఇంగ్లీషు విని ఫ్యాక్టరీలో నవ్వేవారు. గార్డులో మొదటిసారి, "ఇతను చెప్తే సరిగ్గా విన్నట్టే," అన్నారు. ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళు బతికాను. దాన్ని జలుబుకి ఇచ్చెయ్యమంటే ఎలా?

శుక్రవారం 15:20. గాలి తిరిగింది. కెప్టెన్ గొంతు: "చెవి, మంట మీ వాలు మీదకి వస్తోంది. పోస్టు ఖాళీ చెయ్యండి. అందరూ కిందకి. ఎంతలో దిగుతారు? ఓవర్."

"పది నిమిషాలు. ఓవర్."

కింద జట్లకి ఆ ఆర్డరు దాటించాను. మూడు జట్లూ జవాబిచ్చాయి. అంతవరకు నా పని సరిగ్గా చేశాను, ఇందులో ఒక్క అక్షరం బడాయి లేదు.

తర్వాత పొగ కమ్మింది. పది అడుగుల దూరం కనబడదు. రేడియో ఒక చంకలో, లాగ్‌బుక్ ఇంకో చంకలో పెట్టుకుని లేచాను. పొగలో వేలాడే సీసా కూడా కనబడలేదు. కాళ్ళ కింద కొండ తిరుగుతోంది.

"సార్జ్! ఇటు! ట్రక్కు ఇటుంది!" డ్రైవర్ అరుపు.

కుడివైపు నుంచి వచ్చింది. కుడివైపు నడిచాను.

"సార్జ్! అటు కాదు! ఇటు!"

ఇంకా కుడివైపు నుంచే. ఇంకో నాలుగడుగులు వేశాను. "సార్జ్, ఆగు!" అని అరిచాడు. ఆగాలని నాకూ ఉంది. ఆ గొంతు వైపు వెళ్తున్నాననే అనుకుంటున్నాను. ఎందుకు కోప్పడుతున్నాడో అర్థంకాలేదు.

వెనకనుంచి ఎవరో బెల్టు పట్టుకుని లాగారు. వెల్లకిలా పడ్డాను. నా బూటు తన్నిన రాయి కిందకి దొర్లడం వినిపించింది. చాలాసేపు దొర్లింది.

ఒక చెవే ఉన్నవాడికి ప్రపంచంలోని చప్పుళ్ళన్నీ ఆ చెవి వైపు నుంచే వస్తాయి. ట్రక్కు నాకు ఎడమవైపుంది. ఆ సంగతి ఆ నిమిషందాకా నాకు తెలియదు.

నన్ను లాగింది డ్రైవరే. ట్రక్కెక్కించి, దాన్ని కొండ కిందకి తిప్పాడు. మెడిక్‌తో, "నేను పిలుస్తుంటే నాకు దూరంగా నడిచాడు. అంచు వైపు. కావాలని చేశాడనుకున్నాను," అన్నాడు.

ఆవిడ నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది. "కుడివైపుకి చూడు." చూశాను. "నీ కళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇది ఎండదెబ్బ కాదు." చెవిలోకి లైటు వేసింది. "ఏమీ కనబడటంలేదు. లోపలేంటిది?"

"నూనె."

"ఏం నూనె?"

"నువ్వుల నూనె. వెల్లుల్లితో."

మెడిక్ నెమ్మదిగా అంది: "గుర్రానికి చెవి పోతే ఆ చెవి తిప్పడం మానేస్తుంది. దూరంనుంచే తెలిసిపోతుంది. మనుషులతోనే చావు."

బేస్ నుంచి ఊళ్ళో ఆసుపత్రికి మూడు గంటలు. మంట వల్ల హైవే మూసేశారు, చుట్టూ తిరిగి వెళ్ళాం. అక్కణ్ణుంచి ఫీనిక్స్ పంపారు. శనివారం చెవి డాక్టరు. నా అదృష్టమో దురదృష్టమో, తెలుగాయన. గుంటూరు నుంచి ముప్పై ఏళ్ళ కిందటొచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. నూనె తీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

"చెవిలో పోపు పెట్టమన్న మహానుభావులెవరండీ?"

"మా ఆవిడ."

"బయటున్నారా?"

"ఉంది."

"అయితే ఇప్పుడే పిలవకండి. కొంచెం చల్లారనివ్వండి, నన్ను."

ట్యూనింగ్ ఫోర్కు మోగించి నా నుదుటి మీద పెట్టాడు. చప్పుడంతా కుడివైపుకే జారిపోయింది. కాగితం మీద నత్తగుల్ల లాంటి బొమ్మ గీసి చూపించాడు. లోపలి చెవి. ఒక పక్క వినికిడి, ఇంకో పక్క మనిషి నిలబడ్డాడో పడ్డాడో చెప్పే మూడు గొట్టాలు. జలుబు లోపలికి పాకి ఆ గదంతా వాచింది. బాంబు లేదు, పేలుడు లేదు. స్కూలు జిమ్‌లో ఎవరిదో తుమ్ము.

"తిరుగుడు తగ్గుతుంది. మెదడు అలవాటు పడుతుంది, వ్యాయామాలు చెబుతాను. వాపుకి మాత్రలిస్తాను. వినికిడి..." ఆగాడు. "ఎప్పుడు పోయింది?"

"బుధవారం పొద్దున్న."

"బుధవారమా? ఇవాళ శనివారం. ఈ మందు ఎంత ముందు పడితే అంత మంచిది. బుధవారమే వచ్చి ఉంటే వినికిడి నిలిచేదని రాసివ్వలేను. నిలిచే అవకాశం మాత్రం ఎక్కువుండేది. ఎందుకాగారు?"

"ఆర్మీవాళ్ళు నీళ్ళు తాగమన్నారు," అన్నాను.

ఇంటికొచ్చాను. గోడ పట్టుకుని లోపలికి నడిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే గరాజ్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ వచ్చి నన్నక్కడ చూసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నూనె సీసా మళ్ళీ మా ఇంట్లో కనబడలేదు.

ఆరు వారాలు వ్యాయామం. ఫ్రిజ్ తలుపు మీద 'అ' అని పెద్దగా రాసి అంటించింది. దానిమీంచి చూపు తీయకుండా తల అటూ ఇటూ తిప్పాలి. ఆవిడ కుర్చీ వేసుక్కూచుని, "ఎడం, కుడి, ఎడం, కుడి," అని కవాతు చేయించేది. మొదటి వారం 'అ' గంతులేసింది. ఆరో వారానికి నిలబడింది. చెవి మాత్రం తిరిగి రాలేదు. గార్డులో నన్ను స్టోర్స్‌కి మార్చారు. దుప్పట్లు లెక్కపెట్టే పని. అక్కడ నన్నెవరూ 'చెవి' అని పిలవలేదు.

చాలా మరిచిపోయాను. పొగ వాసన పోయింది. కెప్టెన్ ముఖం గుర్తులేదు. ఆ సీసా మాత్రం పోదు. నీలాకాశం, కొండంతా సుళ్ళు తిరుగుతోంది, మధ్యలో ఒక ప్లాస్టిక్ సీసా తాడుకి వేలాడుతూ, లోపల నీటిగీత ఏమాత్రం వంగకుండా. ఇప్పటికీ ఏ బల్ల మీద నీళ్ళగ్లాసు చూసినా ముందు ఆ గీత చూస్తాను. తర్వాతే తాగుతాను.

ఇక్కడికి అయిపోయిందనుకున్నాను.

పోయిన నెల మెడిక్ మా ఇంటికి భోజనానికొచ్చింది. పిలవకుండానే నా కుడిపక్క కుర్చీలో కూచుంది. ఈ రాసిందంతా ఇంగ్లీషులోకి మార్చుకుంటూ చదివి వినిపించాను. హెలికాప్టర్ దగ్గర పులిహోర పొరబోయేంత నవ్వింది. గార్లిక్ బ్రెడ్ దగ్గర మా ఆవిడ కూడా నవ్వింది. చెవి సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదన్నచోట మెడిక్ ఫోర్కు కింద పెట్టింది.

"ఆ లైను మళ్ళీ చదువు."

చదివాను.

"అడిగాను," అంది. "బుధవారం పొద్దున్నే అడిగాను. ఎండదెబ్బ అని రాసింది నేనే, ఆ తప్పు నాది. కానీ అంతకుముందు నీ రెండు చెవుల పక్కనా వేళ్ళు రుద్ది వినపడుతోందా అన్నాను. గురువారం మళ్ళీ రుద్దాను. నువ్వు నా చేతివంక చూస్తున్నావు. చూసి, వినపడుతోంది, రెండు చెవులూ బాగున్నాయ్ అన్నావు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది."

మా ఆవిడ నావైపు చూసింది. నేను నీళ్ళగ్లాసు వైపు చూశాను.

"వినపడటంలేదంటే ఆ రోజే కిందకి పంపేస్తానని నీకు తెలుసు," అంది మెడిక్. "ఎనిమిదేళ్ళుగా ఆ హెలికాప్టర్ కథ చెబుతున్నావు. 'రెండు చెవులూ బాగున్నాయ్' అన్నావు చూడు, సార్జెంట్, ముందు అది రాయి."